ఇంటి పొయ్యికి ఒక లెక్క

గడచిన శీతకాలమున మేము పదవ తరగతిలో ఒక చిన్న ప్రశ్న వేసితిమి. "మీ ఇంట గ్యాసు సిలిండరు ఎన్ని దినములు వచ్చును?" అని అడిగితిమి. బీజగణితములో చురుకైన వారు, త్రికోణమితి సూత్రములను కంఠస్థము చేసినవారు ఒకరి మొగము ఒకరు చూచుకొనిరి. కడకు వెనుక బల్ల నుండి ఒక బాలుడు లేచి "మా అమ్మకు తెలుసు సార్" అనెను. తరగతి అంతయు నవ్వెను. కాని ఆలోచింపగా నవ్వవలసిన మాట కాదు. ఇంటిలో ప్రతిదినమును ఖర్చగు వస్తువు యొక్క లెక్క ఒక్క తల్లి మనసులో మాత్రమే యున్నది. కాగితముపై ఎచ్చటను లేదు.

అటుపిమ్మట తలిదండ్రుల సమావేశమున ఇదే ప్రశ్నను తల్లులను అడిగితిమి. వారిలో ఒకామె చెప్పిన మాట మాకు నేటికిని మరపు రాదు. "ఎన్ని దినాలొస్తుందో తెలుసు సార్. అయిపోయినప్పుడు చేతిలో వెయ్యి రూపాయలుండవు. మళ్ళా కూలి డబ్బులొచ్చే దాకా కట్టెల పొయ్యే గదా!" అనెను. ఆ ఇంట గ్యాసుపొయ్యి కలదు, సిలిండరు కలదు, అయినను సంవత్సరములో కొన్ని వారములు వంటయిల్లు పొగతో నిండుచున్నది. సిలిండరు ముగియుట హఠాత్తుగా వచ్చిన ఆపద కాదు. అది వచ్చు దినమును ముందుగనే లెక్క కట్టవచ్చును. ఆ లెక్కను నేర్పుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. దీనికి కావలసినది భాగహారము, గుణకారము, ఒక నోటుపుస్తకము మాత్రమే.

1. చలిదేశములవారి చమురు లెక్క

ముందుగా దూరదేశపు సంగతి ఒకటి చెప్పెదము. అమెరికాలోని ఈశాన్య రాష్ట్రములలో శీతకాలమున మంచు కురియును. అచ్చటి ఇండ్లను వెచ్చగా ఉంచుకొనక జీవించుట సాధ్యము కాదు. అందుకై అనేక గృహములలో నేలమాళిగయందు ఒక చమురు తొట్టి యుండును. సాధారణముగా అది 275 గాలనులు, అనగా దాదాపు 1,040 లీటర్లు పట్టునది. ఆ చమురు కొలిమిలో మండి ఇల్లంతయు వేడి చేయును. అచ్చట స్థిరపడిన మన తెలుగువారిలో కొందరికిని ఈ తొట్టి పరిచయమే. నడిచలిలో తొట్టి ఖాళీ అయినచో నీటి గొట్టములు గడ్డకట్టి పగులును. పసిబిడ్డలకు, వృద్ధులకు ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

చమురు పోయు వర్తకుడు దినదినము వచ్చి తొట్టిలోనికి తొంగిచూడడు. అయినను తొట్టి ఎప్పుడు తరుగునో అతనికి తెలియును. ఎట్లనగా, అతడు చలిని లెక్కించును. బయటి సగటు వేడిమి 18 డిగ్రీలకు, వారి కొలతలో 65 ఫారన్‌హీటు డిగ్రీలకు, ఎంత తగ్గినదో ప్రతిదినము వ్రాసికొనును. ఒకనాటి అత్యధిక ఉష్ణోగ్రత 4 డిగ్రీలు, అత్యల్ప ఉష్ణోగ్రత సున్నకు దిగువ 6 డిగ్రీలు అనుకొందము. సగటు సున్నకు దిగువ 1 డిగ్రీ. అది 18 కంటె 19 తక్కువ. కావున ఆ దినమునకు 19 "డిగ్రీ-దినములు" అని లెక్క. ఇట్లు దినదినము కూడుచు పోవుదురు.

ఒక ఇంట 500 డిగ్రీ-దినములు గడచునప్పటికి 600 లీటర్ల చమురు ఖర్చయినదనుకొందము. అనగా ఒక డిగ్రీ-దినమునకు 1.2 లీటరు. ఈ ఒక్క అంకె తెలిసినచో చాలును. చలి హెచ్చిన వారమున చమురు త్వరగా తరుగునని, చలి తగ్గిన వారమున నిలుచునని వర్తకుడు తన అంగడిలో కూర్చుండియే చెప్పగలడు. తొట్టిలో నాలుగవ వంతు మిగిలియుండగనే బండి పంపగలడు.

ఇందలి యుక్తిని గమనింపుడు. వారు దినములను లెక్కించుటలేదు. అన్ని దినములు ఒకటి కావు గదా! దేనివలన చమురు ఖర్చగుచున్నదో దానిని, అనగా చలిని, లెక్కించుచున్నారు.

2. మన జిల్లాలో లెక్కింపవలసినది ఏది?

మన బళ్ళారిలో వేసవి, కడు వేసవి అను రెండే ఋతువులు కలవని పరిహాసముగా చెప్పుకొందురు. డిసెంబరు మాసమున కూడ మన ఊరి దినసరి సగటు వేడిమి సాధారణముగా 18 డిగ్రీలకు దిగదు. కనుక డిగ్రీ-దినముల లెక్క మనకు సున్న. ఇల్లు వెచ్చ చేసికొను అవసరము మనకు లేదు. మన ఇంట ఇంధనము రెండు పనులకు మండును: వంటకు, స్నానపు నీళ్లకు.

మన పెద్దల కాలమున ఈ రెంటికిని కట్టెలు, పిడకలు, పత్తికట్టె, బుడ్డల పొట్టు ఆధారముగా నుండెను. మనము సర్కారు తుమ్మ యనెడి ముండ్లచెట్టును కన్నడిగులు "బళ్ళారి జాలి" యని మన ఊరి పేరుతోనే పిలుతురు. అమెరికా ఖండముల నుండి వచ్చిన ఆ చెట్టు నేడు మన బీడుభూములన్నిటను అల్లుకొని, పేదల పొయ్యికి కట్టెగా ఉపయోగపడుచున్నది. తరువాత సీమనూనె వచ్చెను. చౌకధరల దుకాణము ముందు డబ్బాలు పట్టుకొని వరుసలో నిలిచిన కాలము మీ తలిదండ్రులకు జ్ఞాపకముండును. వంటగ్యాసు నగరములలో మొదలయ్యెను. ఇండేను గ్యాసు 1965 అక్టోబరు 22న కలకత్తాలో మొదటి ఇంటికి చేరెను. 2016 మే 1న ఉత్తర ప్రదేశములోని బలియాలో ఉజ్జ్వల పథకము ప్రారంభమైన పిమ్మట పల్లెలలోని పేద ఇండ్లకును సిలిండరు విరివిగా వచ్చెను.

కట్టెకును గ్యాసునకును గల భేదమును అంకెలలో చూతము. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు కావలసిన వేడిమిని ఒక కిలోకెలోరి యందురు. ఎండిన కట్టె ఒక కిలో మండినచో సుమారు 3,500 నుండి 4,000 కిలోకెలోరీలు వెలువడును. కాని మూడు రాళ్ల పొయ్యిలో అందు నూటికి 10 నుండి 15 పాళ్లే పాత్రకు చేరును; తక్కినది గాలిపాలు. అనగా కిలో కట్టెకు మనకు దక్కునది దాదాపు 500 కిలోకెలోరీలు. గ్యాసు ఒక కిలో మండినచో సుమారు 11,000 కిలోకెలోరీలు. మన దేశపు ప్రమాణముల ప్రకారము ఇంటి గ్యాసుపొయ్యి వేడిమిలో కనీసము నూటికి 68 పాళ్లు పాత్రకు చేర్చవలయును. వాడుకలో కొంత తగ్గునని తలచి, దక్కునది 7,000 అని లెక్కకు తీసికొందము. ఈ లెక్కన ఒక కిలో గ్యాసు 14 కిలోల కట్టెకు సమానము. ఒక నిండు సిలిండరు దాదాపు రెండు క్వింటాళ్ల కట్టెకు సమానము. సిలిండరు ముగిసిన ఇంట తల్లి తలపై ఎంత బరువు పడునో దీనివలన ఊహింపుడు.

3. సిలిండరును చదువుట

ఇంటికి వచ్చు సాధారణపు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉండును. ఖాళీ సిలిండరు బరువు అన్నిటికి ఒకటి కాదు, అది పిడి క్రింది రేకుపై "టి. డబ్ల్యు." అను రెండు ఆంగ్లాక్షరములతో వ్రాయబడి యుండును. ఒక సిలిండరుపై 15.6 అని యున్నచో, నిండు సిలిండరు 15.6 + 14.2 = 29.8 కిలోలు తూగవలయును. ఇచ్చునప్పుడే తూచి చూపుమని అడుగు హక్కు మనకు కలదు. అడుగుటకు సంకోచింపరాదు. రసీదు కన్నడములోనో ఆంగ్లములోనో యున్నదని తల్లి వెనుకాడినచో, చదువుకొన్న బిడ్డ ప్రక్కన నిలిచి చదివి చెప్పవలయును. "తూకము" అను మాట మాత్రము కన్నడమునకును తెలుగునకును ఒక్కటియే గదా!

అచ్చటనే "బి-28" వంటి గుర్తు ఒకటి కనబడును. ఆంగ్లమున ఏ, బి, సి, డి అను నాలుగు అక్షరములు సంవత్సరములోని నాలుగు త్రైమాసికములకు గుర్తులు. బి-28 అనగా 2028వ సంవత్సరము జూను నెల లోపల ఆ సిలిండరును మరల పరీక్షింపవలయునని అర్థము. గడువు దాటిన సిలిండరును పుచ్చుకొనరాదు.

సగము వాడిన సిలిండరులో ఎంత మిగిలినదో తెలిసికొనుటకు ఉత్తమమైన మార్గము తూచుటయే. పై సిలిండరు ఇప్పుడు 21.3 కిలోలు తూగినదనుకొందము. 21.3 నుండి 15.6 తీసివేయగా 5.7 కిలోలు మిగిలినవి. తూచుటకు పెద్దలే పూనుకొనవలయును. ముందుగా రెగ్యులేటరును మూసి విడదీసి, మూత బిగింపవలయును. పిల్లలు ఒంటరిగా సిలిండరును ఎత్తరాదు.

తూనికకాటా లేనివారికి తడిగుడ్డ ఉపాయము కలదు. సిలిండరును నిలువుగా ఒక ప్రక్క తడిగుడ్డతో తుడిచి కొంచెముసేపు చూడుడు. పైభాగము త్వరగా ఆరును. క్రిందిభాగము తడిగా నిలుచును. ఆ రెంటికి నడుమ గీతయే లోపలి ద్రవపు మట్టము. లోపల గ్యాసు ద్రవరూపమున నుండును. ఆ ద్రవము వేడిమిని హెచ్చుగా ఇముడ్చుకొనును గనుక దానిని తాకియున్న లోహము చల్లగా నుండి తేమ నిదానముగా ఆరును. పైన ఆవిరి మాత్రమే యున్నచోట లోహము త్వరగా వెచ్చబడును. విజ్ఞానశాస్త్ర పుస్తకములోని పాఠము వంటింటిలోనే కనబడుచున్నది.

సిలిండరును కుదుపుట, పరుండబెట్టుట, వేడినీళ్లలో ఉంచుట కొందరికి అలవాటు. ఇవి మిక్కిలి ప్రమాదకరములు. వీనివలన లేని గ్యాసు పుట్టదు.

4. మనిషి-దినముల లెక్క

ఇప్పుడు చలిదేశపు వర్తకుని యుక్తిని మన ఇంటికి తెచ్చుకొందము. అతడు చలిని లెక్కించెను. మనము భోజనము చేయువారిని లెక్కింతము. ఒక మనిషి ఒక దినము మన ఇంట భుజించినచో దానిని ఒక "మనిషి-దినము" అందము. ఐదుగురు గల ఇంట దినమునకు ఐదు మనిషి-దినములు. ఇద్దరు చుట్టములు వచ్చి ఐదు దినములుండినచో మరి పది కూడవలయును. ఇంటివారు ఊరికి పోయినచో ఆ దినములను తీసివేయవలయును. మధ్యాహ్నము బడిలో భుజించు బిడ్డను పూర్తిగా లెక్కించుటయా, తగ్గించుటయా అను సందేహము కలుగవచ్చును. ఎట్లు లెక్కించినను మంచిదే, ఎల్లప్పుడు ఒకే విధముగా లెక్కింపవలయును.

ఉదాహరణమునకు ఒక ఇల్లు తీసికొందము. ఐదుగురు మనుష్యులు, సిలిండరు 38 దినములు వచ్చినది, నడుమ చుట్టముల మనిషి-దినములు 10.

5 × 38 = 190; 190 + 10 = 200 మనిషి-దినములు.
14,200 గ్రాములు ÷ 200 = 71 గ్రాములు.

అనగా ఆ ఇంట ఒక మనిషి ఒకదినపు భోజనమునకు 71 గ్రాముల గ్యాసు ఖర్చగుచున్నది. ఈ 71 అను అంకె ఆ ఇంటి గుర్తు. ఒక్క సిలిండరుతో వచ్చిన అంకెను పూర్తిగా నమ్మరాదు. మూడు సిలిండరుల లెక్కను కట్టి సగటు తీయుట మేలు. పండుగ దినములలో ఓళిగలకు, బూరెలకు కొంత హెచ్చగును. అదియు సగటులో కలిసిపోవును.

ఈ అంకెతో భవిష్యత్తును చెప్పవచ్చును. వచ్చు సిలిండరు కాలమున పెండ్లి పనులకై నలుగురు చుట్టములు వచ్చి ఆరు దినములుందురనుకొందము. అది 24 మనిషి-దినములు. 200 నుండి 24 తీసివేయగా 176. దానిని ఐదుగురితో భాగింపగా 35. కనుక సిలిండరు 35 దినములే వచ్చును. ఇరువది ఐదవ దినముననే కొత్త సిలిండరుకు చెప్పియుంచినచో, బండి ఆలస్యమైనను పది దినముల వెసులుబాటు ఉండును. పైన తూచిన సిలిండరులో మిగిలిన 5.7 కిలోలు ఈ ఇంటికి ఎన్ని దినములు వచ్చును? 5,700 ÷ 71 అనగా దాదాపు 80 మనిషి-దినములు. ఐదుగురికి 16 దినములు.

తల్లులు ఈ లెక్క లేకయే అంచనా వేయగలరనుట నిజమే. వారి అంచనా అనుభవమువలన వచ్చినది, గౌరవింపదగినది. కాని మనసులోని అంచనాను ఇంటివారందరు చూడలేరు. కాగితముపై వ్రాసిన లెక్కను తండ్రియు చూచును, బిడ్డలును చూతురు. అప్పుడు సిలిండరు భారము ఒక్కరిది గాక ఇంటిల్లిపాదిది అగును.

5. దినమునకు ఐదు రూపాయలు

ఇక డబ్బు సంగతి. సిలిండరు వెల కాలమును బట్టి మారుచుండును. లెక్క సులభమగుటకై 1,000 రూపాయలు అనుకొందము. మీ ఇంటి లెక్కకు మీ రసీదులోని వెలను వేసికొనుడు.

1,000 ÷ 200 మనిషి-దినములు = 5 రూపాయలు.

ఒక మనిషికి దినమునకు ఐదు రూపాయలు. ఐదుగురు గల ఇంటికి దినమునకు 25 రూపాయలు. వారమునకు 175 రూపాయలు. వెయ్యి రూపాయలు ఒక్కమారు ఇమ్మన్నచో కూలి చేసికొను ఇంట కష్టము. వారపు కూలి చేతికి వచ్చిన సాయంకాలము, సంతకు పోవుటకు ముందు, 175 రూపాయలు వేరుగా తీసి ఒక డబ్బాలో వేయుట అంత కష్టము కాదు. ఆరు వారములు తిరుగకముందే సిలిండరు వెల సిద్ధముగా నుండును. 6 × 175 = 1,050.

పైన చెప్పిన తల్లి మాటకు ఇదియే మా సమాధానము. ఆమెకు కొరతపడినది సంవత్సరపు ఆదాయము కాదు. ఆ ఒక్క దినమున చేతిలో ఉండవలసిన మొత్తము. అట్టి దినము ఎప్పుడు వచ్చునో లెక్క ముందుగా చెప్పును. దానికి కావలసిన సొమ్మును డబ్బా సమకూర్చును. ఈ డబ్బాను మరి దేనికిని ముట్టరాదను కట్టుబాటు మాత్రము ఇంటివారందరు పెట్టుకొనవలయును.

6. స్నానపు నీళ్లు ఎంత మ్రింగును?

ఇప్పుడు ఆశ్చర్యము కలిగించు ఒక లెక్క. శీతకాలమున ఒక బకెట్టు నీరు, 15 లీటర్లు, 24 డిగ్రీల నుండి 42 డిగ్రీలకు కాచవలయుననుకొందము. 15 × 18 = 270 కిలోకెలోరీలు. గ్యాసు కిలోకు 7,000 దక్కునని ముందు అనుకొంటిమి. 270 ÷ 7,000 అనగా దాదాపు 39 గ్రాములు. దినమునకు ఐదుగురికి ఐదు బకెట్లు కాచినచో 195 గ్రాములు; నెలకు దాదాపు 5.85 కిలోలు. సిలిండరులో అయిదింట రెండు వంతులు స్నానపు నీళ్లకే పోయినవి!

మరియొక విధముగా చూడుడు. భోజనమునకు 71, స్నానమునకు 39. మొత్తము మనిషి-దినమునకు 110 గ్రాములు. 14,200 ÷ 110 = 129 మనిషి-దినములు. చుట్టములెవ్వరు రానిచో ఐదుగురికి 40 దినములు రావలసిన సిలిండరు 26 దినములకే ముగియును. ఆ పదునాలుగు దినములు బకెట్లలో కరగిపోయినవి.

మన జిల్లాకు దేవుడిచ్చిన వరము ఎండ. దానిని తిట్టుకొనుటయే గాని వాడుకొనుట మనకు తక్కువ. మిద్దెపై నల్లని రంగు పూసిన పాత్రలో నీళ్లుపోసి మూతపెట్టి పగలంతయు ఎండలో ఉంచినచో సాయంకాలమునకు స్నానమునకు తగినంత వెచ్చబడును. నలుపు వేడిమిని హెచ్చుగా గ్రహించుననియు, మూత ఆవిరిని ఆపుననియు మీరు చదివియే యున్నారు. స్నానము ఉదయము గాక సాయంకాలము చేయు అలవాటు చేసికొన్నచో ఈ నీళ్లు అక్కరకు వచ్చును. స్తోమత గలవారు సౌరశక్తితో నీరు కాచు యంత్రమును మిద్దెపై అమర్చుకొనవచ్చును. ఉదయపు స్నానము తప్పనివారు కనీసము నీటిని సలసల కాచి చన్నీళ్లు కలుపుటకు బదులు, కావలసినంత వేడికే కాచి దింపవలయును. హెచ్చుగా కాచిన కొలది పాత్రనుండి గాలిలో కలియు వేడిమియు హెచ్చును.

7. మరుగు నీటికి పెద్ద మంట వలదు

నీరు 100 డిగ్రీలయొద్ద మరుగును. మరుగుట మొదలైన పిమ్మట మంటను ఎంత పెంచినను తెరచిన పాత్రలోని నీటి వేడిమి 100 డిగ్రీలను దాటదు. హెచ్చు మంట హెచ్చు నీటిని ఆవిరిగా మార్చును, అంతే. పప్పు త్వరగా ఉడుకదు.

ఆవిరి యొక్క ఖరీదు ఎంత? ఒక కిలో నీరు ఆవిరియగుటకు 540 కిలోకెలోరీలు కావలయును. అర లీటరు నీరు వృథాగా ఆవిరియైనచో 270 కిలోకెలోరీలు పోయినవి. ఈ 270 మీకు జ్ఞాపకమున్నదా? ఒక బకెట్టు స్నానపు నీళ్లు కాచుటకు పట్టిన వేడిమి అంతయే! మూతలేని పాత్రలో పప్పు కుతకుత ఉడుకుచు అర లీటరు నీరు పోగొట్టినచో, ఒక మనిషి స్నానము పోయినట్లే. సిలిండరు వెల 1,000 రూపాయలనుకొన్నచో, ఆ 39 గ్రాముల వెల దాదాపు 2 రూపాయల 75 పైసలు.

కనుక పాటింపవలసిన నియమములు ఇవి: పాత్రపై మూత పెట్టుట, మరుగు వచ్చినంతనే మంట తగ్గించుట, మంట పాత్ర అడుగును దాటి ప్రక్కలకు ఎగబ్రాకకుండ చూచుట, కందిపప్పు, సెనగలు మున్నగువానిని ముందుగా నానబెట్టుట, అన్నిటిని సిద్ధము చేసికొనిన పిమ్మటనే పొయ్యి వెలిగించుట, వీలున్నచో ప్రెషరు కుక్కరు వాడుట. ప్రెషరు కుక్కరులో ఒత్తిడి హెచ్చుటవలన నీరు 100 డిగ్రీలకు పైననే మరుగును; అందువలననే పదార్థము త్వరగా ఉడుకును. మంట నీలముగా నుండవలయును. పసుపువన్నె మంటయు, పాత్రల అడుగున మసియు కనబడినచో గాలి చాలక గ్యాసు సరిగా మండుటలేదని గుర్తు. బర్నరు రంధ్రములను శుభ్రపరుపవలయును.

ఒక్క మాట హెచ్చరించుచున్నాము. పొదుపనగా కడుపు మాడ్చుకొనుట కాదు. జొన్నరొట్టెలు చేయు దినము గ్యాసు హెచ్చగునని రొట్టెలు మానవలసిన పనిలేదు. భోజనమున తగ్గింపక, గాలిలో పోవుదానిని తగ్గించుటయే పొదుపు.

8. జాగ్రత్త

గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలపై పరచుకొనును. దానికి స్వతహాగా వాసన లేదు. మనకు తెలియుటకై ఘాటైన వాసనగల ద్రవ్యమును కలుపుదురు. వాసన తగిలినచో రెగ్యులేటరును కట్టి, తలుపులు కిటికీలు తెరచి, అందరు వెలుపలికి పోవలయును. అగ్గిపుల్ల గీయరాదు, విద్యుద్దీపపు మీటను వేయనురాదు, ఆర్పనురాదు. వెలుపలికి పోయి 1906 అను సంఖ్యకు ఫోను చేయవలయును. రబ్బరు గొట్టముపై ముద్రించిన గడువు దాటకముందే మార్చవలయును. రాత్రి పరుండుటకు ముందు రెగ్యులేటరు కట్టుట ఇంటిలో ఒకరి విధిగా నిర్ణయించుకొనుడు. ఇట్టి విషయములలో పొదుపు తగదు.

9. మా మనవి

ఈ లెక్కను మేము పాఠముగా చెప్పుటకు కారణము గ్యాసు మాత్రమే కాదు. గణితము పరీక్షకొరకు, తెలుగు ఇంటికొరకు అను భావన మన పిల్లలలో కలదు. చుట్టును మరియొక భాష వ్యవహరించు చోట మన భాష పాటలకు పండుగలకు పరిమితమై పోవునేమో యని పెద్దలు దిగులుపడుచుందురు. మాతృభాషలో లెక్క వ్రాసికొను ఇంట ఆ దిగులుకు చోటు తక్కువ. తెలుగున "మిగిలినది", "ఖర్చు", "సగటు" అని బిడ్డ వ్రాసిన పుస్తకమును తల్లి చదివి సరిదిద్దగలదు. చదువురాని తల్లియైనను విని తప్పు పట్టగలదు. బడి చదువు ఇంటికి పనికివచ్చుట అనగా ఇదియే.

తలిదండ్రులకు ఒక మనవి. బిడ్డ వచ్చి సిలిండరు తగిలించిన తేదీని, భోజనముచేసిన వారి సంఖ్యను అడిగినచో విసుగుకొనకుడు. మూడు సిలిండరుల కాలము ఓపికపట్టుడు. ఆ పిదప మీ ఇంటి అంకె మీ చేతికి వచ్చును. ఆ అంకెతోపాటు, నెల కడపట పొగలో కన్నీరు తుడుచుకొనుచు కట్టెలు ఊదవలసిన దినములును తగ్గునని మా విశ్వాసము. కట్టెపొగ కండ్లకును ఊపిరితిత్తులకును చేటు. దానిని హెచ్చుగా పీల్చునది తల్లియు, ఆమె చంకలోని బిడ్డయు.

అభ్యాసము

1. మీ ఇంట ఇప్పుడున్న సిలిండరును తగిలించిన తేదీని తెలిసికొని వ్రాయుడు. తెలియనిచో వచ్చు సిలిండరునుండి మొదలుపెట్టుడు.

2. సిలిండరుపై "టి. డబ్ల్యు." అంకెను, పరీక్షా గడువు గుర్తును పెద్దలయెదుట చదివి నోటుపుస్తకమున వ్రాయుడు. నిండు సిలిండరు ఎంత తూగవలయునో లెక్క కట్టుడు.

3. ఆరుగురు గల ఇంట సిలిండరు 32 దినములు వచ్చినది. ముగ్గురు చుట్టములు నాలుగు దినములుండిరి. ఇంటివారిలో ఇద్దరు రెండు దినములు ఊరికి పోయిరి. మనిషి-దినములెన్ని? మనిషి-దినమునకు ఎన్ని గ్రాములు? (సమాధానము: 200; 71 గ్రాములు.)

4. నీటి వేడిమి 22 డిగ్రీలు. 12 లీటర్ల నీటిని 40 డిగ్రీలకు కాచుటకు ఎన్ని కిలోకెలోరీలు కావలయును? కిలోకు 7,000 చొప్పున ఎన్ని గ్రాముల గ్యాసు? (సమాధానము: 216, దాదాపు 31 గ్రాములు.)

5. ఒక కొలత నీటిని మూతపెట్టి ఒకమారు, మూతలేక ఒకమారు, ఒకే మంటపై పెద్దలయెదుట కాచుడు. మరుగుటకు పట్టిన నిమిషములను వ్రాసి, కారణమును ఐదు వాక్యములలో తెలుపుడు.

6. ఈ లెక్కను మీ తల్లికి చదివి వినిపింపుడు. ఆమె చెప్పిన సవరణలను నోటుపుస్తకపు కడపటి పుటలో వ్రాసి తరగతికి తెండు. వానిలో మాకు తోచనివి తప్పక యుండును.